చుక్క గుర్తుకు నక్షత్రదీపిక

అవతారిక

న్యాయసూత్రాలు చెప్పిన గౌతముడు ప్రమాణాలు నాలుగన్నాడు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఆయన రోజుల్లో బ్యూటీ కౌంటర్లు లేవు కాబట్టి నాలుగుతో సరిపోయింది. ఉండి ఉంటే ఐదోదిగా బ్రాండును చేర్చక తప్పేది కాదు. వరసలో ఐదోదైనా బలంలో అదే మొదటిది. పెళ్లిపందిట్లో ఒకావిడ కాటుక కరిగి కళ్లకిందికి దిగిందనుకోండి. అది ప్రత్యక్షం, నలుగురూ చూస్తున్నారు. ఆవిడ రుమాలు తీయదు. "ఫలానా వాళ్లదండీ, జారదు" అంటుంది. పక్కనున్న నలుగురూ "అవునవును, వాళ్లది జారదు" అని తలూపుతారు. జారిన కాటుక వాళ్ల కళ్లెదుటే ఉంటుంది. ఆ తలూపుడు చూసి చూసి విసిగిపోయి ఈ వ్యాఖ్యకు పూనుకున్నాను.

మనదేశంలో ఈ ఐదో ప్రమాణానికి ఉదాహరణ చెప్పమంటే ఎవరైనా లాక్మే పేరే చెబుతారు. మూడు తరాల ఆడవాళ్ల నోళ్లలో నానిన పేరు. ఆ పేరుకు తగ్గట్టు సరుకుందా అన్నది మన విచారణ. విచారణకు మూలగ్రంథం ఉండాలి. లాక్మే ఒక్కటే అని కాదు, మేకప్ సామాను అమ్మే కంపెనీలన్నీ పెట్టెలమీద వేసుకునే వచనం ఇంచుమించు ఒక్కటే. దాని సారాన్ని ఒక ఆటవెలదిలో పెట్టాను. పద్యం నాదే. యతి కుదిరిందో లేదో చూసుకోవచ్చు. కుదిరింది.

మూలము

ఒక్కసారి పూయ నుండును రేబవల్
చెమటకైన వాన చినుకుకైన
చెక్కుచెదర దనుచు చెప్పెడు పెట్టెపై
చుక్క యొకటి వెలుగు చూడ రెవరు

టీక

మెదక్ జిల్లా కొల్చారంవాడుగా ప్రసిద్ధుడైన మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని అనే వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. నేను అలాంటి మాటేమీ ఇవ్వడం లేదు.

ఒక్కసారి అనగా స్పష్టము. పూయన్ అనగా పూయగా. ఇక్కడ కొంత ఆగాలి. పూయగా సరే, దేన్ని పూయగా? కర్మపదం లేక వాక్యానికి ఆకాంక్ష తీరడం లేదు. పద్యంలో లేనిది పెట్టె వెనక ఉంటుంది, తిరగేసి చూడాలి. చీమ తలకాయంత అక్షరాల్లో పదార్థాల జాబితా కనిపిస్తుంది. తిప్పితే పైకొచ్చే మామూలు లిప్‌స్టిక్కయితే చాలావాటిలో మొదటి నాలుగైదు పేర్లలోనే రిసినస్ కమ్యూనిస్ సీడ్ ఆయిల్ తగులుతుంది. పేరు వింటే రోము సెనేటులో సభ్యుడేమో అనిపిస్తుంది. ఎవరో కాదు, మన ఆముదం.

పెదవిరంగుకు ఆముదాన్ని ఎంచుకోవడంలో తెలివి ఉంది. మిగతా నూనెలకంటే అది చిక్కన. రంగుపొడిని అడుగుకు దిగనివ్వకుండా పట్టి ఉంచుతుంది, పెదవిమీద తడి మెరుపునిస్తుంది, ఓ పట్టాన ఆరదు. దానికి తేనెమైనం, బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకులమీద దొరికే కార్నూబా మైనం కలిపి కరిగించి అచ్చుల్లో పోస్తే ముద్ద నిలబడుతుంది. ఎరుపుకు ఐరన్ ఆక్సైడ్లు వేస్తారు. అంటే మనం ముగ్గుకు అంచు దిద్దే జేగురుమన్నుకు శుద్ధిచేసిన దాయాదులు. కొన్నిట్లో సి.ఐ. 75470 అనే అంకె కనిపిస్తుంది. అది నాగజెముడు జాతి మొక్కలమీద బతికే కాచినీల్ పురుగు రంగు. ఆ పురుగును మనదేశంలో పెంచాలని 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ ఆండర్సన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు మద్రాసు సైదాపేటలో ప్రత్యేకంగా నాగజెముడు తోటే వేశాడు. పురుగు రంగు అనగానే ముఖం చిట్లించనక్కర్లేదు. మన ప్రబంధ నాయికలు పాదాలకు పెట్టుకున్న లత్తుక కూడా లక్కపురుగు ఇచ్చిందే. అప్పుడు కాళ్లదగ్గరున్న పురుగు ఇప్పుడు నోటిదాకా ఎక్కింది, అంతే.

ఆముదం మాట వచ్చింది కాబట్టి దాన్ని అంత త్వరగా వదలబుద్ధి కావడం లేదు. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టపొలాల్లో వానమీద ఆధారపడి పండుతూ వచ్చిన పంట ఇది. ప్రపంచంలో ఆముదాలు అందరికంటే ఎక్కువ పండించేది మనమే, అందులో సింహభాగం గుజరాత్‌ది. తలకు ఆముదం, కడుపుకు ఆముదం, ప్రమిదకు ఆముదం, బండి ఇరుసుకు ఆముదం. ఆముదం తాగిన మొహం అని ఒకరిని వెక్కిరించడమూ మనకు తెలుసు. ఇన్నిటికి వాడినవాళ్లం పెదవికి రాయాలని మాత్రం అనుకోలేదు. ఆ ఒక్క ఉపయోగం కోసం మన ఆముదం లాటిన్ పేరు పెట్టుకుని, గాజు బీరువాలో కూర్చుని, మనకే అమ్ముడుపోతోంది.

మా నాయనమ్మ ఇంట్లోనే కాటుక పట్టేది. పొన్నగంటాకు రసంలో నానబెట్టి నీడన ఆరేసిన గుడ్డపీలికను వత్తి చేసి, ప్రమిదలో ఆముదం నింపి, రాత్రి భోజనాలయ్యాక వెలిగించేది. ప్రమిద చుట్టూ మూడు ఇటుకముక్కలు, వాటిమీద బోర్లించిన ఇత్తడి పళ్లెం. గాలి తగలకుండా తలుపు చేరవేసేది. తెల్లారేసరికి పళ్లెం అడుగున నల్లటి నూగు మందంగా పేరుకుని ఉండేది. తమలపాకు ముక్కతో దాన్ని గీకి, రెండు చుక్కల ఆముదమే వేసి, బొటనవేలితో మర్దించి మర్దించి వెండి భరిణెలోకి ఎత్తేది. కొందరిళ్లలో ఆముదం బదులు వెన్నపూస వేసేవాళ్లు. మా నాయనమ్మకు వాళ్లంటే చిన్నచూపు. ఆ కాటుక సాయంత్రానికల్లా తప్పకుండా జారేది. ఆవిడమీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎన్ని గంటలుంటుందో ఆవిడ భరిణెమీద అచ్చు వేయించలేదు మరి. ఇంట్లో పట్టినది కదా అని పసిపిల్లల కళ్లలో పెట్టొద్దని ఈనాటి డాక్టర్లు చెబుతారు. ఆ మాట వినాలి. కొన్ని రకాల సుర్మాల్లో సీసం ఉండేది, ఆ సంగతీ మరవకూడదు. సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలతో సౌందర్యసాధనాలకు రంగు వేయడాన్ని మన నిబంధనలు నిషేధించాయి. పెద్ద కంపెనీ సరుకు కొనడానికి అసలైన కారణం ఏదైనా ఉంటే ఇదీ, ఇలాంటివీ. విచిత్రంగా ఈ కారణం చెప్పి కొనేవాళ్లు నాకింతవరకు తారసపడలేదు.

పెన్సిలు కాటుకలో ఉండే నలుపు సి.ఐ. 77266 అని గానీ, 77499 అని గానీ రాసి ఉంటుంది. మొదటిది ఒక రకం మసి. అంటే పళ్లెం కిందదే, పళ్లెం మాత్రం ఫ్యాక్టరీది.

ఎక్కడున్నాం? పూయన్ దగ్గర. సరే.

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అని మనవాళ్లన్నారు. లాక్మే కీర్తికి ఇంతకంటే పొట్టి చరిత్ర ఎవరూ రాయలేరు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విదేశీ మారకద్రవ్యానికి కటకట. కలవారి ఇళ్లలో ఆడవాళ్లు పరదేశపు లిప్‌స్టిక్కులకు డబ్బు పంపుతున్నారని, మనమే ఎందుకు చేయకూడదని నెహ్రూ జె.ఆర్.డి. టాటాను అడిగినట్టు ఒక కథ చెప్పుకుంటారు. 1952లో టాటా ఆయిల్ మిల్స్ అనుబంధ సంస్థగా లాక్మే పుట్టింది. సబ్బులూ నూనెలూ చేసే మిల్లు కడుపున పెదవిరంగు పుట్టడం శాస్త్రసమ్మతమే అని పైన ఆముద ప్రకరణం చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు. రొబేర్ పిగే, రెన్వార్ అనే ఫ్రెంచి సంస్థలు సాయం చేశాయి. వాళ్లతోపాటు పేరు కూడా ఫ్రాన్సు నుంచే వచ్చింది. 1883లో పారిస్‌లో ఆడిన, లియో దెలీబ్ సంగీతం కట్టిన సంగీతరూపకం పేరు లాక్మే. మన లక్ష్మే ఫ్రెంచివాళ్ల నోట్లో అలా తిరిగింది.

ఆ రూపకం కథ తెలిసినవాళ్లు ఈ పేరు పెట్టి ఉండరని నా అనుమానం. లాక్మే ఒక పూజారి కూతురు. తండ్రి పేరు నీలకంఠుడు. ఆ అమ్మాయి జెరాల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారిని ప్రేమిస్తుంది. తండ్రి అతన్ని కత్తితో పొడుస్తాడు, ఈ పిల్ల అడవిలో దాచి బతికిస్తుంది. కోలుకున్నాక అతని మనసు పటాలం మీదికి పోతుంది. అది గ్రహించి ఆమె ఉమ్మెత్త ఆకు కొరికి ప్రాణం విడుస్తుంది. విషం మింగినవాడి పేరు తండ్రికి పెట్టి, విషం కూతురిచేత మింగించారు. కావ్యరచనగా బాగుంది. పెదవికి రాసుకునే వస్తువుకు మాత్రం, నోట్లో ఆకు పెట్టుకుని చనిపోయిన నాయిక పేరు పెట్టిన జాతి మనం తప్ప మరొకటి ఉండదు.

అయినా ఆ చెట్టు నీడ ఇచ్చింది, కాదనకూడదు. జెనీవాలో పుట్టి, నవల్ టాటాను పెళ్లాడి ఇక్కడ స్థిరపడిన సిమోన్ టాటా 1961లో లాక్మే బోర్డులోకి వచ్చి, 1982లో అధ్యక్షురాలై, దాన్ని ఇంటింటి పేరుగా చేశారు. స్నో రాసుకుని పౌడరు అద్దుకుంటే సింగారం అయిపోయిన ఇళ్లలోకి, పెదవిరంగంటే సినిమావాళ్లదనీ నాటకాలవాళ్లదనీ పెదవి విరిచే ఇళ్లలోకి, ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్ల చేతిసంచీలో కూర్చుని ఆ గొట్టం ప్రవేశించింది. అది చిన్న పని కాదు. ఆ తరం అమ్మలు ఆ పేరును నమ్మారంటే వాళ్లకు కారణం ఉంది. 1996లో టాటాలు హిందుస్తాన్ లీవర్‌తో సగం సగం వాటాకు దిగి, 1998లో మొత్తం అమ్మేశారు. ఆ డబ్బుతో బట్టల వ్యాపారంలోకి వెళ్లారు, మీరెరిగిన వెస్ట్‌సైడ్ అదే. అమ్మ నమ్మినది ఒక యాజమాన్యాన్ని, కూతురు కొంటున్నది మరో యాజమాన్యం సరుకును. నమ్మకం మాత్రం చీరల పెట్టెతోపాటు పుట్టింటి నుంచి వచ్చింది. ఇప్పుడు చుట్టూ అడవి మొలిచింది, పదడుగులకో చెట్టు. అయినా మనం అలవాటుగా ఆముదపు చెట్టు కిందే నిలబడి ఎంత చల్లగా ఉందో అంటున్నాం.

రేబవల్ అనగా రేయింబవళ్లు. పెట్టెమీద అంకెలో ఉంటుంది, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలదాకా, కంపెనీ ధైర్యాన్ని బట్టి. అంకెకు ముందో వెనకో వరకు అని ఒక చిన్న మాట ఉంటుంది. ఆటవెలదిలో పట్టక వదిలేశాను, క్షమించాలి. హద్దును చెప్పే మాటకు పాణిని రెండు అర్థాలిచ్చాడు. హద్దును విడిచిపెడితే మర్యాద, హద్దును కలుపుకుంటే అభివిధి. పాటలీపుత్రం వరకు వాన కురిసిందంటే పాటలీపుత్రం వీధులు తడిశాయా, పొలిమేరలోనే వాన ఆగిందా అని పెద్దలు తర్కించారు. ఎటు తేల్చినా పొలిమేరదాకా వాన రావడం ఖాయమని వాళ్ల నమ్మకం. పాపం పెద్దలు! ఇరవై నాలుగు గంటల వరకు అన్నచోట రంగు మూడో గంటకే పోయినా ఆ వాక్యం అబద్ధం కాదు, పదో నిమిషానికి పోయినా కాదు. మబ్బు పట్టకపోయినా పాటలీపుత్రం వరకు వాన కురిసినట్టే. పాణినికి తట్టని ఈ మూడో అర్థాన్ని కనిపెట్టిన మార్కెటింగ్ శాఖవారికి మహామహోపాధ్యాయ బిరుదు ఇవ్వదగును.

అసలు ఒక మాట. పన్నెండు గంటలు పెదవిమీద రంగు నిలవాలని ఎవరడిగారు? పొద్దున వేసుకుంటాం, మధ్యాహ్నం భోంచేస్తాం, మళ్లీ అద్దుకుంటాం. సంచీలో గొట్టం ఉండేది అందుకే కదా. అడగని వరం ఇస్తానని, ఆ వరానికి ధర కట్టి, ఇవ్వకుండా తప్పించుకోవడానికి ఒక అవ్యయం పెట్టుకోవడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

చెమటకైన అనగా చెమటకు సైతం. బెజవాడలో మే నెల, ముహూర్తం పదకొండున్నరకు, పందిట్లో హోమం, ఒంటిమీద పట్టుచీర, జనం మధ్యకు గాలి రాని ఫ్యాను. చెమట అంటే మనకిది. పెట్టెమీది చెమట ఏ ఊరిదో తెలియదు. వాన చినుకు స్పష్టము.

ఈ రెండూ చెప్పి మూడోది చెప్పలేదన్నది గమనించాలి. ఎక్కువసేపు నిలిచే ద్రవరూపపు లిప్‌స్టిక్కులు పనిచేసే తీరు ఇది: ఐసోడోడెకేన్ వంటి త్వరగా ఆవిరయ్యే ద్రవంలో సిలికోన్ జిగురు, రంగు కలిపి ఉంటాయి. పూయగానే ద్రవం ఎగిరిపోయి పెదవిమీద పల్చటి పొర మిగులుతుంది. ఆ పొరను నీళ్లు కరిగించలేవు. కాబట్టి చెమటకూ వానకూ నిలబడుతుందంటే చాలావరకు నమ్మవచ్చు, ఆ మేరకు కంపెనీలు అబద్ధం ఆడలేదు. నూనె మాత్రం దాన్ని లేపేస్తుంది. మేకప్ తుడిచే సీసాల్లో చాలావాటిలో ఉండేదీ నూనే. పెళ్లిభోజనంలో మొదట వడ్డించేది ముద్దపప్పు, దానిమీద నెయ్యి, పక్కన ఆవకాయ. రెండో ముద్దకే పెదవి మధ్యలో రంగు లేచిపోయి అంచున గీత మాత్రం మిగులుతుంది. విస్తళ్ల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్లను చూడండి, ఆ గీత ప్రతి నోటి చుట్టూ ఉంటుంది. బూరె కొరకగానే అదీ పోతుంది. చెమటను, వానను పేరుపెట్టి సవాలు చేసిన పెట్టె ఆవకాయ ఊసెత్తదు. అది ఈ దేశంలో తయారై, ఈ దేశంలో అమ్ముడుపోతూ, ఈ దేశపు అన్నాన్ని ఎరగనట్టు నటిస్తోంది.

చెక్కుచెదరదు అన్న క్రియకు ఆధారం కావాలి. ఏ ముఖమున చెక్కుచెదరదు? మూలంలో ముఖమన్న పదమే లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ఇక్కడ నవ్వులాట కాసేపు ఆపుతాను.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడి భార్యను వర్ణిస్తూ శ్యామ అన్నాడు. మామూలు చెవికి అది నల్లనిది అని వినిపిస్తుంది. మన మల్లినాథుడు అక్కడ యౌవనంలో ఉన్నది అని అర్థం చెప్పి, నిఘంటువు సాక్ష్యం చూపించి ముందుకు సాగిపోయాడు. సాక్ష్యం ఉన్నమాట నిజమే, పండితులు ఒప్పుకుంటారు. అయినా నాకు ఒక కోరిక మిగిలిపోయింది. పాంచాలికి కృష్ణ అని పేరుపెట్టుకున్న దేశంలో, చామనచాయవాళ్లు కోకొల్లలుగా ఉన్న మెతుకుసీమకు చెందిన ఆ మహానుభావుడు ఆ పిల్లను ఒక్కసారి నల్లగా ఉండనిస్తే ఏం పోయేది? ఒక షేడ్ తగ్గించి ఇవ్వడం బ్యూటీ కౌంటర్లకంటే ముందే మొదలైందన్నమాట.

మా అక్కకూతురి నిశ్చితార్థానికి ఫౌండేషన్ కొనడానికి ఒక పెద్ద షాపుకు వెళ్లాం. పిల్లది మంచి చామనచాయ. కౌంటర్‌లోని అమ్మాయి దాని మణికట్టుమీద మూడు గీతలు గీసి, ట్యూబులైటు కింద తిప్పి చూసి, "మేడమ్, మీకు ఇది సెట్ అవుతుంది, కానీ ఒక షేడ్ లైట్ తీసుకోండి, ఫోటోల్లో బాగా వస్తారు" అంది. "అసలు రంగుకు సరిపోయేది చూపించమ్మా" అన్నాను. "అది స్టాకుండదు ఆంటీ, తక్కువ వస్తుంది" అంది. ఆ అమ్మాయి ముఖం చూశాను. దవడ అంచున ఒక గీత ఉంది. గీతకు పైన ఉన్న రంగు కంపెనీది, కింద మెడమీద ఉన్నది వాళ్లమ్మది. రోజుకు పది గంటలు ఆ గీతతో నిలబడి అందరికీ ఒక షేడ్ తగ్గించి అమ్మడం ఆమె ఉద్యోగం. ఆమెను ఏమనగలం? మా పిల్ల మాత్రం "వద్దు పిన్నీ, పౌడరు చాలు" అంది. దారంతా మళ్లీ ఆ మాటెత్తలేదు.

2017లో రిహానా అనే గాయని ఫెంటీ బ్యూటీ పేరుతో ఒకేసారి 40 షేడ్ల ఫౌండేషన్ తెచ్చింది. అప్పుడుగాని పెద్ద పెద్ద కంపెనీలకు నల్లవాళ్లకూ ముఖాలుంటాయని తట్టలేదు. ఇక్కడ మనకు 1952లోనే సొంత కంపెనీ వచ్చింది. నల్లటి చర్మానికి షేడ్లు ఈ దేశంలోనే మొదలై ఇక్కణ్నుంచి ప్రపంచానికి పోవాల్సింది. మనం పంపింది ఏమిటి? 1975లో మొదలైన ఫెయిర్ అండ్ లవ్లీ. దాని యజమాని, లాక్మే ప్రస్తుత యజమాని ఒక్కరే. అడ్వర్‌టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లో, నల్లగా ఉన్నవాళ్లను తక్కువచేసి చూపే ప్రకటనలు కూడదంది. 2020లో ఆ క్రీము గ్లో అండ్ లవ్లీ అయింది. పేరులో ఫెయిర్ ఉన్న చోట గ్లో వచ్చింది. ఇది శ్యామ ఉన్న చోట యౌవనం రావడం వంటిదని పైన చెప్పిన వ్యాఖ్యానం చదివినవారు గ్రహించగలరు.

ఇక శాస్త్రానికి వద్దాం. చుక్క యొకటి వెలుగున్. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పెట్టెమీద పెద్ద అక్షరాల ప్రతిజ్ఞ చివర ఒక చిన్న చుక్కగుర్తు ఉంటుంది. అది దేన్ని సూచిస్తున్నది? దీనికి అరుంధతీ దర్శన న్యాయం అన్వయించాలి. అరుంధతి సన్నగా మిణుకుమనే నక్షత్రం. నేరుగా చూపిస్తే ఎవరికీ కనబడదు కాబట్టి, ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపి, చూపు నిలిచాక దాని పక్కనున్న చిన్నదాన్ని చూపించాలన్నారు. సూక్ష్మమైన సత్యాన్ని చెప్పే పద్ధతి ఇది. కంపెనీవారు ఈ న్యాయాన్ని తిరగేసి వాడుతున్నారు. ముందు పెద్ద ప్రతిజ్ఞ చూపిస్తారు, చూపు అక్కడ నిలిచిపోతుంది, పక్కనున్న చుక్క ఎవరికీ కనబడదు. కనబడకూడదనే చిన్నదిగా అచ్చువేశారు.

మన పెళ్లిళ్లలో జరిగేది కూడా చూడండి. ముహూర్తం పగలైతే అరుంధతిని పగలే చూపిస్తారు. మిట్టమధ్యాహ్నం పందిరి బయటికి తీసుకొచ్చి, వరుడి చెయ్యి పైకెత్తించి "అదిగో" అంటారు పురోహితులు. ఫోటోగ్రాఫరు "మేడమ్, ఇంకొంచెం పైకి చూడండి" అంటాడు. వధువు కళ్లు చిట్లించి సూర్యుణ్ని చూసి "కనిపించింది" అంటుంది. ఇన్నేళ్లలో కనబడలేదన్న పెళ్లికూతురు ఒక్కతీ లేదు. పెట్టె కొనే మనమూ అంతే, చుక్క చూశామనే అంటాం. చూసి ఉంటే, పెట్టె అడుగున అదే చుక్క పక్కన, ఇన్‌స్ట్రుమెంటు పరీక్షల్లో అనో, కొద్దిమంది వాడి చెప్పినదాని ప్రకారం అనో, ఫలితాలు మనిషికీ మనిషికీ మారవచ్చు అనో ఉంటుంది. పైన చెప్పిన కౌన్సిల్ నియమాల ప్రకారం ఇలాంటి కింది గమనిక పైనున్న మాటను వివరించవచ్చు, ఖండించకూడదు, చదవడానికి వీలుగా ఉండాలి. ధర, బరువు ఎంత ఎత్తు అక్షరాల్లో వేయాలో 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు కొలతలతో సహా చెప్పాయి. కాబట్టి ఎంత ఇచ్చుకుంటామో కళ్లజోడు లేకుండా చదవగలం. ఏమి పుచ్చుకుంటామో చదవలేం.

చూడరెవరు అనగా స్పష్టము.

అలంకారం అతిశయోక్తి అని కొందరంటారు. కూడదు. ముఖం చంద్రుడంటే చంద్రుడు కాకపోయినా కవిని ఎవరూ డబ్బు వాపసు అడగరు, ఎందుకంటే కవి ఆ ముఖానికి ధర కట్టలేదు. డబ్బు పుచ్చుకుని చెప్పేది అలంకారశాస్త్రంలోకి రాదు, వినియోగదారుల చట్టంలోకి వస్తుంది.

తాత్పర్యము

లాక్మే పేరుకు తగినదా? కాటుక, మామూలు లిప్‌స్టిక్కు వరకు ధరకు తగిన సరుకే అని నా నిర్ణయం. ఇక్కడ వరకు అన్నది అభివిధి, ఆ రెంటినీ కలుపుకునే అంటున్నాను. తిప్పుడు పెన్సిలు కాటుకలో ఉండేది 0.35 గ్రాములు, అంటే సుమారు మూడు గురివింద గింజల ఎత్తు. కంసాలి తక్కెడలో తూచవలసిన ఆ పిసరు కూడా వారాల తరబడి వస్తుంది. పేరులోని గొప్పతనం మాత్రం పోటీ లేని రోజుల్లో, వేరే మనుషుల చేతుల్లో సంపాదించినది. దానికి ఈనాటి పెట్టెమీద విలువ కట్టి డబ్బివ్వనక్కర్లేదు. ఫౌండేషన్ సంగతి లాక్మేకు ఒక తీర్పు, మరొకరికి ఒక తీర్పు చెప్పేది కాదు. ఏ కంపెనీదైనా కొనేముందు మణికట్టుమీద కాకుండా దవడమీద రాయించుకుని, షాపు బయటికి వచ్చి పగటి వెలుతురులో చూసుకోండి. మెడ రంగులో కలిసిపోతే కొనండి. ఒక షేడ్ లైట్ తీసుకోమంటే తీసుకోకండి, మీ రంగుది తెప్పించమని అడిగి, ఫోన్ నంబరు రాయించి రండి. నలుగురు అడిగితే స్టాకు వస్తుంది.

ఇతి నక్షత్రదీపికా సమాప్తము.